నాయనమ్మ వాళ్ళమ్మ పేరేంటి?

ఓ చిన్న పరీక్ష. మీ నాన్నగారి తాతగారి పేరేంటి? చాలామంది టక్కున చెప్పేస్తారు. ఆయన పేరు మీకో, మీ అన్నయ్యకో, బాబాయి కొడుక్కో పెట్టే ఉంటారు కాబట్టి ఇబ్బంది లేదు. సరే, ఇప్పుడు మీ నాయనమ్మ వాళ్ళమ్మ పేరు చెప్పండి. ఆవిడ పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు కూడా. ఆగిపోయారు కదూ? మా ఆఫీసులో భోజనాల దగ్గర ఇదే ప్రశ్న వేశాను. మొదటిదానికి అందరూ జవాబు చెప్పారు. రెండోదానికి ఒక్కమ్మాయి పేరు మాత్రం చెప్పగలిగింది. ఇంటిపేరు ఆ అమ్మాయికీ తెలీదు.

మనం లెక్కల మనుషులం కాబట్టి ఓ లెక్క వేద్దాం. అమ్మానాన్నల దగ్గర మొదలుపెట్టి అయిదు తరాలు వెనక్కి వెళ్తే 2, 4, 8, 16, 32... మొత్తం 62 మంది. (మేనరికాలుంటే ఈ సంఖ్య తగ్గుతుంది. ఆ సంగతి తర్వాత.) అందులో సగం, అంటే 31 మంది ఆడవాళ్ళు. ఇంటిపేరు పట్టుకుని పైకి ఎగబాకే మన వంశవృక్షంలో ఈ 62 మందిలో కనిపించేది అయిదుగురు. మిగతా 57 మందినీ వదిలేసి, దానికి వంశవృక్షం అని పేరు పెట్టి, పటం కట్టి గోడకి తగిలిస్తున్నాం.

రెండేళ్ళ క్రితం మా ఇంటిపేరువాళ్ళందరం నరసరావుపేటలో ఓ ఫంక్షన్ హాల్లో కలిశాం. పెదనాన్నగారు ఊళ్ళన్నీ తిరిగి ఏడు తరాల వృక్షం తయారుచేసి పెద్ద ఫ్లెక్సీ కొట్టించారు. ఆయన పడిన కష్టం గొప్పదే, కాదనను. కాకపోతే దాన్లో ఉన్నవన్నీ మగపేర్లే. ఆడపిల్లల దగ్గర గీత ఆగిపోయింది. కోడళ్ళకైతే అసలు గళ్ళే లేవు. డేటాబేసు భాషలో చెప్పాలంటే 'తల్లి' అనే కాలమ్ పైనుంచి కిందిదాకా నల్. "ఏం పెదనాన్నా, మనందరం అయ్యలకే పుట్టామా?" అంటే ఆయన నవ్వేసి, "ఆడోళ్ళ పేర్లకి రికార్డులెక్కడున్నాయిరా అబ్బాయ్" అన్నారు.

ఆ మాట సగమే నిజం. రికార్డులు లేకపోలేదు. అన్నిచోట్లా లేవు, అంతే. ఎవరికో ఆవిడతో పని పడిన చోట మాత్రమే ఆవిడ పేరు రాశారు. సర్కారుకి పన్ను కావాలి, కొనేవాడికి నిశానీ కావాలి, తోట యజమానికి కూలీ కావాలి, చర్చికి సభ్యురాలు కావాలి. పని ఎవరికి పడిందో కనుక్కుంటే పేరు ఎక్కడుందో తెలుస్తుంది. నేను చెప్పదలుచుకున్నది ఇదే.

ఈ కిటుకు నాకు ఇంగ్లండు నుంచి తగిలింది. మా టీంలో అక్కడి నుంచి పనిచేసే ఒకాయన తన వంశంలో ఒకావిడ కోసం ఏళ్ళ తరబడి వెతుకుతున్నాడు. వాళ్ళకేం, చర్చి రిజిస్టర్లున్నాయి కదా అనుకుంటాం. నిజమే, 1538లో ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ హుకుం జారీచేసినప్పటి నుంచీ అక్కడ ప్రతి పారిష్‌లోనూ బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, సమాధులు రాసిపెట్టాలి. 1754 నుంచి పెళ్ళి నమోదులో వధూవరులు, సాక్షులు సంతకాలు పెట్టాలి, చదువు రానివాళ్ళు అడ్డగీతల గుర్తు వెయ్యాలి. 1837 జూలై 1 నుంచి ప్రభుత్వమే జనన మరణాలు, పెళ్ళిళ్ళు నమోదు చేస్తోంది. మరి ఇన్ని ఉండి కూడా ఆవిడ దొరకదేం?

ఎందుకంటే అక్కడా కథ ఇదే. పాత బాప్తిస్మ రిజిస్టర్లలో చాలాచోట్ల 'జాన్ కూతురు మేరీ' అని తండ్రి పేరే ఉంటుంది. పెళ్ళవగానే ఇంటిపేరు మారుతుంది. చనిపోతే 'థామస్ భార్య' అని రాసి ఊరుకుంటారు. మధ్యలో భర్త పోయి మళ్ళీ పెళ్ళి చేసుకుందా, ఇక ఆ దారి తెగిపోయినట్టే. ఇంతెందుకు, ఇంగ్లండు, వేల్సుల్లో పెళ్ళి నమోదులో వధూవరుల తల్లుల పేర్లు కూడా రాయడం మొదలైంది 2021 మే 4న! అప్పటిదాకా తండ్రి పేరు, తండ్రి చేసే పని, అంతే. మనమే వెనకబడ్డామనుకునేవాళ్ళు ఈ తారీఖు గుర్తుపెట్టుకోవాలి.

అక్కడి పరిశోధకులు చేసేదేంటంటే, బాప్తిస్మాల పుస్తకం దగ్గరే కూర్చోకుండా డబ్బు ఎటు పోయిందో చూస్తారు. తండ్రి వీలునామాలో 'ఫలానావాడి భార్య అయిన నా కూతురికి ఇంత' అని ఉంటుంది. ఒక్క వాక్యంలో పుట్టిల్లు, మెట్టినిల్లు కలిసిపోతాయి. పెళ్ళికాని పిల్ల తల్లి అయితే ఆ బిడ్డ ఖర్చు పారిష్ నెత్తిన పడుతుందేమోనని పెద్దలు ఆవిణ్ణి కూర్చోబెట్టి, తండ్రెవరో చెప్పించి, అతని చేత బాండు రాయించేవాళ్ళు. ఆ కాగితాల్లో ఆవిడ పేరు పరమ జాగ్రత్తగా రాసి ఉంటుంది. గౌరవంతో కాదండోయ్, ఖర్చు భయంతో!

సరే, మన పల్నాటికొద్దాం. మనకి ఇంగ్లండు కంటే ఒక చిక్కు ఎక్కువ. మన ఆడవాళ్ళ పేరు కాగితం మీదే కాదు, నోట్లో కూడా నిలవదు. అత్తగారి పేరో, అమ్మమ్మ పేరో పిల్లకి పెడతారు. పెద్దావిడ పేరు కాబట్టి ఆ పేరు పెట్టి పిలవడానికి నోరు రాదు. అందుకని బుల్లెమ్మ, చిట్టెమ్మ, పాపాయి, అమ్మాజీ అని ఓ ముద్దుపేరు తగులుతుంది. పెళ్ళై వెళ్తే అక్కడ అదే పేరు గల అత్తగారో తోడికోడలో ఉంటే ఇంకో పేరు పెడతారు. ఆ తర్వాత ఊరంతా పుట్టింటి ఊరిపేరుతో పిలుస్తారు. మాచర్లత్త, గురజాల పిన్ని, కారెంపూడమ్మ, ఇలాగన్నమాట. ముప్ఫై ఏళ్ళు గడిచేసరికి అసలు పేరు ఆవిడ మొగుడికైనా గుర్తుంటుందో లేదో.

కానీ వెతికేవాడికి ఈ ఊరిపేరు పిలుపు ఓ వరం. ఆవిడ పేరు పోయినా పుట్టిల్లు ఎక్కడో ఆ పిలుపే చెబుతోంది. ఇంగ్లండువాళ్ళకి లేని సదుపాయం ఇది. మన ఇళ్ళల్లో 'పేరు తెలీదు, కారెంపూడమ్మ అనేవాళ్ళు' అని తేలిగ్గా కొట్టిపారేస్తారు. అసలు అడ్రసు దాన్లోనే ఉంది.

ఇక కాగితాలు. పల్నాటి మనిషికి పనికొచ్చేవి నాకు తెలిసినంతలో ఇవి.

మొదటిది ఇనాం రిజిస్టర్లు. 1858 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో ఇనాం కమిషన్ పనిచేసింది. ఎవరికి ఏ ఇనాం భూమి ఉంది, ఎందుకిచ్చారు, ఇప్పుడెవరు అనుభవిస్తున్నారు అని ఊరూరా విచారించి రాశారు. వీటినే ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు అంటారు. దేవాదాయ భూముల కేసుల్లో ఇప్పటికీ వీటిని తిరగేస్తుంటారు. పూజారులు, కరణాలు, ఊరి చాకిరీ చేసే కులాలవాళ్ళు అందరూ వీటిలో ఉంటారు. గుడిలో ఆడిపాడే సేవకి ఇచ్చిన ఇనాములు స్త్రీల పేరుమీదే ఉండేవి. భూమి ఆవిడది కాబట్టి పేరు రాయక తప్పలేదు.

రెండోది చర్చి రిజిస్టర్లు. అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842 జూలై 31న గుంటూరు చేరాడు, 1849లో గురజాల వెళ్ళి పల్నాడులో పని మొదలుపెట్టాడు. డొక్కల కరువు అని ఇప్పటికీ చెప్పుకునే 1832-33 నాటి గుంటూరు కరువు గడిచి అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా కాలేదు. చర్చిలో చేరినవాళ్ళలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవాళ్ళు. ఊరి కాగితాల్లో తమ పేరు మీద సెంటు భూమి లేని ఇళ్ళ ఆడవాళ్ళకి బాప్తిస్మాల పుస్తకంలో ఒక వరస దొరికింది. ఇక్కడ చూసుకోవాల్సింది ఒకటుంది. ఇంట్లో ఎల్లమ్మ అయినావిడ పుస్తకంలో మరియమ్మో, రూతమ్మో అయి ఉండొచ్చు. పెద్దవాళ్ళకి రెండు పేర్లూ తెలిసి ఉంటాయి, అడగాలి.

మూడోది నోటి రికార్డు. తద్దినాలు, మహాలయం గట్రా పెట్టే ఇళ్ళల్లో తండ్రి, తాత, ముత్తాతలతో పాటు తల్లి, నాయనమ్మ, ఆవిడ అత్తగారి పేర్లు కూడా చదువుతారు. అమ్మ తరఫువాళ్ళ పేర్లు కూడా వస్తాయి. ఏటా వినిపించే ఆ పేర్లు మంత్రంలో భాగం అనుకుని మనం పట్టించుకోం. ఈసారి ఓ కాగితం, పెన్ను పట్టుకుని కూర్చోండి. పురోహితుడు మూడు తరాల దగ్గర ఆగిపోతాడు కాబట్టి, మనం రాసుకోకపోతే ఒక తరం జరిగినప్పుడల్లా పైనున్న పేరొకటి రాలిపోతూ ఉంటుంది.

నాలుగోది, నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది, రిజిస్ట్రేషన్ ఆఫీసు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం రాసినవాడెవడో గానీ మనలాంటివాడే. స్థిరాస్తి దస్తావేజులన్నీ నకలు చేసే 1వ పుస్తకానికి రెండు ఇండెక్సులు పెట్టాడు. ఒకటో ఇండెక్సు మనుషుల పేర్లతో, రెండోది ఆస్తి వివరాలతో. ఒకే టేబులుకి రెండు తాళంచెవులు! పైగా 57వ సెక్షన్ ప్రకారం ఫీజు కట్టి ఎవరైనా ఆ పుస్తకం చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. 1998లో ఉమ్మడి రాష్ట్రంలో కార్డ్ ప్రాజెక్టుతో రిజిస్ట్రేషన్లు కంప్యూటర్లకెక్కాయి గానీ ముత్తవ్వల కాలం సంగతులు అందులో దొరకవు, పాత పుస్తకాలే తిరగెయ్యాలి.

పుస్తకం దాకా ఎందుకెళ్ళానంటే, పసుపు కుంకుమల కోసం. మనవైపు కూతురికి పెళ్ళిలో ఎకరమో అరెకరమో పసుపు కుంకుమ కింద ఇవ్వడం ఉంది. ఇచ్చేటప్పుడు చాలావరకు నోటిమాటే. కానీ ఆ పొలం అమ్మాల్సి వస్తే? వంద రూపాయలు, ఆపైన చేసే స్థిరాస్తి అమ్మకానికి రిజిస్టరు దస్తావేజు తప్పనిసరి. పొలం ఆవిడది, కాబట్టి ఆవిడ నిశానీ కావాలి. ఇవ్వడంలో లేని పేరు అమ్మడంలో పుడుతుంది.

మా నాయనమ్మకి తొంభై దాటాయి. వాళ్ళమ్మ పేరడిగితే "అందరూ కారెంపూడమ్మ అనేవాళ్ళు, నేను అమ్మా అనేదాన్ని. ఇంక పేరుతో నాకేం పనిరా?" అంది. బాగా గుచ్చి అడిగితే ఓ పేరు చెప్పింది గానీ నమ్మకంగా చెప్పలేదు. నా దగ్గరున్నవి మూడే: నాయనమ్మ తండ్రి పేరు, ఊరు, పొలం ఉన్న చేల వాలకం. వాటితో ఒకటో ఇండెక్సులో ఆయన పేరు, రెండో ఇండెక్సులో ఆ ఊరు పట్టుకుని 1930ల నుంచి వెతికించాను. మూడోసారి వెళ్ళినప్పుడు దొరికింది. 1946 నాటి అమ్మకం దస్తావేజు నకలు. ఎకరం ముప్ఫై సెంట్ల మెట్ట. 'ఫలానా వారి కుమార్తె, ఫలానా వారి భార్య' అని ఆవిడ తండ్రి పేరు, పుట్టింటి ఇంటిపేరు, కారెంపూడి, అన్నీ ఒక్క వరసలో. కింద 'నిశాని' అని రాసి పక్కన ఆవిడ పేరు. నాయనమ్మ చెప్పిన పేరు కాదది. ఇంకోటి.

నకలు పట్టుకెళ్ళి నాయనమ్మకి చదివి వినిపించాను. తారీఖు దగ్గర ఆపమంది. మళ్ళీ చదవమంది. ఆ నెల తర్వాత రెండు నెలలకి తన పెళ్ళి. "చేనమ్మి చేశారని తెలుసు. అమ్మ చేను అని తెలీదు," అంది. చాలాసేపు ఇంకేం మాట్లాడలేదు. ఎనభై ఏళ్ళ దగ్గర పడుతుంటే అప్పుడు తెలిసింది ఆవిడకి, వాళ్ళమ్మ పుట్టింటివాళ్ళిచ్చిన పొలం తన పెళ్ళికి పోయిందని. ఆ పేరు ఇక్కడ రాయను, అది మా ఇంటి సంగతి. ఫ్లెక్సీలో మాత్రం రాయించాను, రెండు పేర్లూ.

మా కారెంపూడమ్మ కనీసం ఊళ్ళో ఉంది కాబట్టి పొలం కాగితాల్లో దొరికింది. ఊరొదిలి వెళ్ళిపోయినవాళ్ళ సంగతేంటి? చిత్రం ఏమిటంటే, వాళ్ళలో సముద్రం దాటినవాళ్ళు కొందరు ఇంకా స్పష్టంగా దొరుకుతారు. 1860 అక్టోబరులో మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ 342 మందితో నవంబరు 16న డర్బన్ చేరింది. అప్పట్నుంచి 1911 వరకు లక్షా యాభైరెండు వేల మందిని ఒప్పందపు కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నటాల్‌కి తీసుకెళ్ళారు. తమిళులతో పాటు తెలుగువాళ్ళూ పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఓడ పట్టీల్లో మనిషికో నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటిమీద పుట్టుమచ్చలు. ఆడవాళ్ళకి కూడా! మన ఊళ్ళో ఉండిపోయిన అక్క పేరు ఎక్కడా లేదు, కూలికి అమ్ముడుపోయిన చెల్లెలికి పూర్తి రికార్డుంది. నంబరు లేకపోతే తోట యజమాని దగ్గర లెక్క తేలదు మరి. (వీటిలో పల్నాటివాళ్ళని వెతికేవాళ్ళకో మాట. గుంటూరు జిల్లా మళ్ళీ విడిగా ఏర్పడింది 1904లో. దానికి ముందు పల్నాడు కృష్ణా జిల్లాలో ఉండేది. ఆ పేరే చూడండి.)

ఈ దారిలోనే గయూత్రా బహదూర్ అనే ఆవిడ తన ముత్తవ్వని వెతుక్కుంటూ వెళ్ళి 2013లో 'కూలీ వుమన్' అనే పుస్తకం రాసింది. ఆ ముత్తవ్వ 1903లో కలకత్తాలో ఒంటరిగా, నిండు గర్భిణిగా కాకపోయినా కడుపుతో ఓడెక్కి గయానా వెళ్ళింది. ఎందుకెళ్ళిందో ఏ కాగితమూ చెప్పదు. కాగితం రాసినవాడికి ఆ సంగతితో పనిలేదు కాబట్టి.

ఓడ పట్టీలు వెతికే ప్రోగ్రాం రాద్దామనుకునే సాటి ఇంజినీర్లకి ఒక హెచ్చరిక. మద్రాసులో గుమాస్తా తన చెవికి విన్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు. 1918లో పేటెంటు తీసుకున్న సౌండెక్స్ పద్ధతి మొదటి అక్షరాన్ని అలాగే ఉంచుతుంది. ఎల్లమ్మని ఒకడు 'ఈ' అక్షరంతో, ఇంకొకడు 'వై' అక్షరంతో రాస్తే సౌండెక్స్ దృష్టిలో ఇద్దరూ వేరు. మన పేర్లకి మనమే వేరే పద్ధతి రాసుకోవాలి. వారాంతంలో చెయ్యదగ్గ మంచి ప్రాజెక్టు.

ఇంకో సంగతి. పేరు పోవడం వేరు, పేరు తీసెయ్యడం వేరు. మొదటి మొగుడు పోయాక మారుమనువు వెళ్ళినావిడ, రెండో భార్య, వేరే కులం నుంచి వచ్చినావిడ, గుడి ఇనాం ఉన్నావిడ... వీళ్ళ పేర్లు కాగితాల్లో స్పష్టంగా ఉన్నా వంశవృక్షం వేసేటప్పుడు పెద్దలు పక్కన పెట్టేస్తారు. వెతికేవాళ్ళు ముందే తేల్చుకోవాలి, నిజం కావాలా, పరువు కావాలా అని. రెండూ ఒకే గడిలో పట్టవు.

"ఇంత గోల ఎందుకయ్యా, పేరు తెలిస్తే ఏం ఒరుగుతుంది?" అనేవాళ్ళుంటారు. ఒరిగేవి చెప్తాను.

స్వతంత్ర భారతం మొదటి ఎన్నికల (1951-52) ఓటర్ల జాబితాలు తయారుచేసేటప్పుడు ఎంతోమంది ఆడవాళ్ళు తమ పేరు చెప్పకుండా ఫలానావాడి భార్యని, ఫలానావాడి కూతుర్ని అని చెప్పారు. పేరు లేకుండా ఓటు లేదని సుమారు 28 లక్షల మందిని జాబితాల నుంచి తీసేశారు. ఇందులో ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాలవాళ్ళు. పాత కథ అంటారా? అస్సాంలో పౌరుల జాబితా కోసం 1971 మార్చికి ముందునాటి కాగితాల్లో ఉన్న తాతతండ్రులతో తమకి సంబంధం ఉందని చూపించాల్సి వచ్చింది. మగవాడికి బడి సర్టిఫికెట్టో పొలం కాగితమో ఉంటుంది. చిన్నప్పుడే పెళ్ళై వేరే ఊరు వెళ్ళిన, బడికి పోని ఆడమనిషికి 'నేను మా నాన్న కూతుర్ని' అనడానికి ఏముంది? సుమారు 29 లక్షల మంది ఆడవాళ్ళు పంచాయితీ కార్యదర్శి ఇచ్చిన సర్టిఫికెట్ల మీద ఆధారపడ్డారు. అవి చెల్లవని 2017లో హైకోర్టు అంటే, పరిశీలించి తీసుకోవచ్చని అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు అనాల్సొచ్చింది. పుట్టింటికీ మెట్టినింటికీ మధ్య కాగితం లేకపోవడం అంటే ఏమిటో వాళ్ళని అడగాలి.

ఆస్తి సంగతి మీకు తెలిసిందే. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నుంచి, దేశమంతటా 2005 సెప్టెంబరు 9 నుంచి కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఉంది. (మనవైపు 1985కి ముందే పెళ్ళైన కూతుళ్ళని మినహాయించారు. 2005లో ఆ మినహాయింపు పోయింది.) చట్టం వాటా ఇచ్చింది సరే, కుటుంబ వృక్షంలో గడి ఇవ్వనివాళ్ళు వాటా దగ్గర ఏం చేస్తారో ఊహించుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆరోగ్యం. మేనరికాలు, దగ్గరి సంబంధాలు మనకి అలవాటు. అందుకే పై లెక్కలో 62 తగ్గుతుందన్నాను. మగవాళ్ళే ఉన్న వృక్షంలో మేనరికం కనబడదు, ఎందుకంటే అది ఆడపిల్ల గీత మీదుగానే తిరిగి వస్తుంది. భార్యాభర్తల ఇంటిపేర్లు వేరు, గోత్రాలు వేరు, అంతా బాగానే ఉన్నట్టుంటుంది. అటు అమ్మమ్మ, ఇటు నాయనమ్మ అక్కచెల్లెళ్ళన్న సంగతి ఎక్కడా రాసి ఉండదు. బిడ్డకేదో జబ్బు అని తీసుకెళ్తే డాక్టరు మూడు తరాలు రెండువైపులా గీయించుకుంటారు. అప్పుడు వెతుక్కుంటాం.

మనవాళ్ళు రాసుకునే అలవాటే లేనివాళ్ళా అంటే, అదీ కాదు. మాచర్ల దగ్గర నాగార్జునకొండకి వెళ్ళే ఉంటారు. అక్కడ ఏలిన ఇక్ష్వాకు రాజుల పేర్లు చూడండి. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు, మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు. తల్లి గోత్రం చెప్పుకుని ఫలానా తల్లి కొడుకుని అన్నారు రాజులు. 1700 ఏళ్ళ క్రితం, పల్నాడులో! వీరపురుషదత్తుడి మేనత్త చాంతిశ్రీ అక్కడి మహాచైత్యం కట్టించి శాసనాల్లో తన పుట్టింటినీ మెట్టినింటినీ చెప్పుకుంది. ఆవిడ రాజుగారి చెల్లెలు కదా అంటారేమో. బోధిశ్రీ అనే ఉపాసిక ఉంది, రాణీ కాదు, రాజకుమార్తే కాదు. చైత్యగృహం కట్టించి, ఆ పుణ్యం ఎవరెవరికి చెందాలో రాయి మీద చెక్కించింది. తల్లీతండ్రీ, భర్త, తోబుట్టువులు, అటువాళ్ళు ఇటువాళ్ళు అందరినీ. అంటే పల్నాడులో మనకి దొరికే పాత కుటుంబ వృక్షాల్లో ఒకటి ఓ ఆడమనిషి తన డబ్బుతో, తన మాటగా చెక్కించుకున్నది. అక్కడ ఎవరికీ ఆవిడతో పని పడలేదు. ఆవిడే రాయించుకుంది. 1926లో ఆ చోటు బయటపడ్డాక చదివిన శాసనాలవి. సాగర్ నీళ్ళు రాకముందు తవ్వి తీసినవి ఇప్పుడు కొండమీది మ్యూజియంలో ఉన్నాయి.

పేరు నిలబడడానికి ఇది రెండో దారి. ఇంకొకరి అవసరం కోసం ఆగకుండా మనమే రాసుకోవడం. ఇప్పుడు రాయి అక్కర్లేదు, ఫోను చాలు. సాఫ్ట్‌వేరు అడ్డమా అంటే అదీ కాదు. వంశవృక్షాల ప్రోగ్రాములన్నీ వాడే జెడ్‌కామ్ ఫార్మాటు 1984 నుంచీ ఉంది. అందులో భర్తకి ఎంత చోటుందో భార్యకీ అంతే, ఆవిడ పుట్టింటికి వేరే లంకె కూడా ఉంది. ఖాళీ ఉంచుతున్నది మనం. కాబట్టి ఎలాగూ మొదలుపెడితే రెండు పాటించండి. ఇంటిపేరుని ప్రైమరీ కీ చెయ్యొద్దు, అది మారుతుంది. ఒక మనిషికి ఒకే పేరు అనుకోవద్దు, అసలు పేరు, ముద్దుపేరు, ఊరిపేరు పిలుపు, కాగితం మీద పేరు, అన్నిటికీ గళ్ళు పెట్టండి, ఎవరు చెప్పారో పక్కన రాయండి.

ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు, ఇంట్లో ఉన్న అందరికంటే పెద్దావిడకి ఫోనివ్వమని అడగాల్సినవి:

1. మీ అమ్మగారి పేరేంటి? ఇంట్లో ఏమని పిలిచేవాళ్ళు, ఊళ్ళో ఏమనేవాళ్ళు?
2. ఆవిడది ఏ ఊరు? పుట్టింటి ఇంటిపేరేంటి?
3. ఆవిడకి పసుపు కుంకుమ కింద ఏమన్నా ఇచ్చారా? అదేమైంది?
4. ఆవిడ పేరు ఎవరికి పెట్టారు?
5. ఆవిడ అత్తగారు, అమ్మ ఎవరు?

నాలుగోది మర్చిపోకండి. పేరు పోయిన చాలా ఇళ్ళల్లో అది ఏ పెద్దమ్మకో, పిన్నికో నడిచి వెళ్ళి అక్కడ బతికే ఉంటుంది. ఫోను రికార్డులో పెట్టండి, చెప్పింది చెప్పినట్టు తెలుగులో రాసుకోండి. "నా పేరుతో ఎవరికేం పనిరా?" అని ఆవిడ అంటుంది. నాకుంది అని చెప్పండి.